ఏజెంటు "మీకు ఖర్చేమీ ఉండదు సార్" అంటున్నాడు: బయటి దేశం నుంచి వెల్డర్లను తెచ్చుకున్నవాళ్లు చెప్పండి

షెడ్డు_ఓనరు (ప్రశ్న):

నమస్కారమండీ. మాది చిన్న ఫ్యాబ్రికేషన్ కంపెనీ. ప్రెషర్ వెసెళ్లు, ప్లాంటు పైపింగు చేస్తాం. అందరం కలిసి 38 మందిమి. ఏ దేశంలో ఉన్నామో చెప్పను. మా పోటీవాళ్లూ ఇక్కడే తిరుగుతుంటారు, ఏమీ అనుకోకండి.

సంగతేమిటంటే పైపు వెల్డర్లు దొరకడం లేదు. పద్నాలుగు నెలలుగా ప్రకటనలు ఇస్తూనే ఉన్నాం. వచ్చినవాళ్లలో ప్లేటు మీద చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు గానీ, పైపుకి టిగ్‌తో (గ్యాసు రక్షణలో టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగు) రూట్ (అడుగున పడే మొదటి పొర) వేసి ఎక్స్‌రే పాసయ్యేవాళ్లు లేరు. నా దగ్గరున్న ఐదుగురిలో ఇద్దరు వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. వాళ్లలో ఒకాయన చేసిన జాయింటు అంటే క్లయింటు ఇన్‌స్పెక్టరు సగం కాయితాలు చూడకుండానే సంతకం పెట్టేస్తాడు (పెట్టకూడదు, అది వేరే గొడవ). పోయిన నెల ఒక ఆర్డరు వదులుకున్నాను. ఆర్డర్లు లేక దిగులుపడ్డ రోజులు చూశాను. ఆర్డరు ఇంటికొస్తే మావల్ల కాదని పంపించెయ్యడం మాత్రం ఇదే మొదలు.

ఒక ఏజెన్సీ అతను వచ్చి కలిశాడు. ఎనిమిది మంది 6జీ వెల్డర్లను (వాలుగా బిగించిన పైపు మీద పరీక్ష పాసైనవాళ్లు) తొంభై రోజుల్లో దింపుతానన్నాడు. సర్వీసు చార్జీ అడగలేదు. టికెట్లు కూడా వాళ్లే చూసుకుంటారట. నేను ఇవ్వాల్సింది డిమాండ్ లెటరు (ఇంతమంది కావాలని రాసిచ్చే కాయితం), పవర్ ఆఫ్ అటార్నీ (నా తరఫున పని జరిపే అధికారం), అంతే. అక్కడ వింటున్నంతసేపూ సంతోషంగానే ఉంది. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నేను ఇనుము కొనేవాణ్ణి, ఊరికే ఇస్తానన్నవాడి దగ్గర ఈ రోజు దాకా ఒక్క ప్లేటు కొనలేదు.

ఇతనికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? వెల్డింగు చేస్తుండగా వీడియో తీసి పంపిస్తామంటున్నారు, అది చూసి తీసుకోవచ్చా? మా అకౌంటెంటేమో "పాస్‌పోర్టులు మన లాకర్లో పెట్టుకుందాం, మధ్యలో ఎగిరిపోతే నష్టం మనదే" అంటున్నాడు. అందరూ చేసేది అదేనా? ఇంకొకటి, దీనితో సంబంధం లేనిది. ఒక పైపింగ్ డ్రాఫ్ట్స్‌మన్ వేరే దేశంలో తన ఇంట్లోనే కూర్చుని మాకు డ్రాయింగులు చేసి పెడతానంటున్నాడు. నెలనెలా బ్యాంకులో డబ్బు వేస్తే సరిపోతుందా?

లాయరు దగ్గరికి ఎలాగూ వెళ్తాను. ఏమడగాలో తెలుసుకుని వెళ్తే ఆయన గంటలు నాకు కలిసొస్తాయని ఇక్కడ అడుగుతున్నా.


గ్రైండర్:

ఏజెంటు ధర్మసత్రం నడపడం లేదండీ. మీ డిమాండ్ లెటరే అతని సరుకు. మీరు దాన్ని ఊరికే ఇస్తున్నారు, అతను ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది మందికి అమ్ముకుంటాడు. టికెట్టు కూడా ఆ డబ్బులోంచే కొంటాడు.


పాత_పర్సనల్_మేనేజరు:

షెడ్డు ఓనరు గారూ, గ్రైండర్ గారు చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పారు. ఆ డబ్బు పనివాడి దగ్గర పోయి ఊరుకోదు, తిరిగి మీ షెడ్డులోకే వస్తుంది.

నేను ఇరవై రెండేళ్లు ఒక ఇంజినీరింగ్ కంపెనీలో పర్సనల్ డిపార్ట్‌మెంటులో చేశాను. (హెచ్‌ఆర్ అనే పేరు నేను దిగిపోయే ముందు వచ్చింది. బల్ల అదే, ఫైళ్లు అవే.) బయటి దేశాల నుంచి నాలుగు విడతలుగా వెల్డర్లను, ఫిట్టర్లను తెచ్చాను. మొదటి విడత 23 మంది. మీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు, కంపెనీకి ఖర్చు లేదని. మా డైరెక్టరు గారు మీటింగులో నలుగురి ముందూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ 23 మందిలో ఒకతను ఉండేవాడు. చెయ్యి బంగారం. మొదటి రెండు నెలలు అతని జాయింటు ఒక్కటి రిపేరుకు రాలేదు. మూడో నెల నుంచి మొదలైంది. రూట్‌లో ఫ్యూజన్ సరిగా లేదు (లోహం పూర్తిగా కలవలేదు), పొరోసిటీ (లోపల గాలి బుడగలు), ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోటల్లా ఏదో ఒక మచ్చ. ఫోర్‌మన్ కళ్ల పరీక్షకు పంపమన్నాడు, పంపాం, కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. తీరా తేలిందేమిటంటే, షిఫ్టు అయిపోయాక ఇంకో వర్క్‌షాపులో దొంగచాటుగా గేట్లూ గ్రిల్సూ చేస్తున్నాడు. మూడు నాలుగు గంటల నిద్రతో వచ్చి మా పైపుల ముందు నిలబడుతున్నాడు. ఎందుకయ్యా అంటే నోరు విప్పడానికి వారం పట్టింది. ఏజెంటుకి కట్టింది మా దగ్గర అతని పదకొండు నెలల బేసిక్. అంతా వడ్డీకి తెచ్చిందే. ఓవర్‌టైం దండిగా ఉంటుందని ఏజెంటు చెప్పాడట, ఆ లెక్క మీద అప్పు చేశాడు. ఆ ఏడాది మా దగ్గర ఓవర్‌టైమే లేదు.

ఐదో నెలలో చెప్పకుండా వెళ్లిపోయాడు. ఏడాది తిరిగేసరికి 23 మందిలో తొమ్మిది మంది లేరు. ఏజెంటుకి కట్టకుండా నేను మిగిల్చిందంతా ఒక్క షట్‌డౌన్ పనిలో (ప్లాంటు ఆపి చేసే పని) రిపేర్లకే పోయింది. ఆ లెక్క మీటింగులో ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక రూలు ఏమంటుందో చెప్తాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక, 7వ అధికరణం: ప్రైవేటు ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర నేరుగా గానీ దొడ్డిదారిన గానీ, పూర్తిగా గానీ కొంత గానీ రుసుము వసూలు చెయ్యకూడదు. మినహాయింపులకు అందులోనే చోటుంది, ఒడంబడికలో చేరని దేశాలు చాలా ఉన్నాయి. అందుకని దానికంటే 2019లో అదే సంస్థ ప్రచురించిన నిర్వచనం మీకు ఎక్కువ పనికొస్తుంది. వైద్య పరీక్ష, నైపుణ్య పరీక్ష, బీమా, ప్రయాణం, కాయితాల ఖర్చు, బయల్దేరే ముందు శిక్షణ, ఇవన్నీ నియామకపు ఖర్చుల్లోకే వస్తాయని అందులో విడమరిచి రాశారు. ఏజెంటు "నేను సర్వీసు చార్జీ తీసుకోలేదు సార్, మెడికల్‌కి మాత్రమే తీసుకున్నా" అన్నప్పుడు చూపించడానికి బాగుంటుంది.

మీ దేశపు చట్టం ఒక్కటే చూసి ఊరుకోకండి, మనుషులు బయల్దేరే దేశానిదీ చూడాలి. నేపాల్ 2015లో ఆరు గల్ఫ్ దేశాలకూ మలేషియాకూ వెళ్లేవాళ్ల కోసం "ఉచిత వీసా, ఉచిత టికెట్" విధానం పెట్టింది. భారత్‌లో 1983 వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ 30,000 రూపాయలు దాటకూడదు. ఫిలిప్పీన్స్ అయితే, కొన్ని మినహాయింపులు తప్ప, విదేశీ యజమాని నేరుగా మనిషిని తీసుకోవడాన్నే ఒప్పుకోదు, లైసెన్సున్న ఏజెన్సీ ద్వారానే రావాలి. దక్షిణ కొరియా 2004లో మొదలుపెట్టిన పర్మిట్ పద్ధతిలో ప్రైవేటు ఏజెంటన్నవాడే లేడు, ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం, మధ్యలో కొరియన్ భాష పరీక్ష. మిగతా చోట్ల పుస్తకంలో ఒకటి ఉంటుంది, బయట ఇంకొకటి జరుగుతుంది. రసీదు మీద చట్టం ఒప్పుకునే అంకె ఉంటుంది, రసీదు లేకుండా చేతులు మారేది దానికి ఎన్నో రెట్లు. ఊళ్లో సబ్ ఏజెంటు తీసుకున్నది అసలు ఏజెంటుకే తెలియదు, లేదా తెలియనట్టు ఉంటాడు.

మీ సరుకు గానీ, మీ క్లయింటు సరుకు గానీ అమెరికాకు వెళ్లేదైతే ఇంకో సంగతి. 2020 జులైలో అక్కడి కస్టమ్స్ మలేషియాలోని ఒక పెద్ద రబ్బరు గ్లవ్స్ కంపెనీ సరుకును రేవులోనే ఆపింది. ఆధారం 1930 నాటి టారిఫ్ చట్టంలో 307వ సెక్షన్, నిర్బంధ శ్రమతో చేసిన సరుకు రానివ్వకూడదనేది. వలస కార్మికుల నెత్తిన ఉన్న అప్పులు అందులో పెద్ద విషయం. కంపెనీ కార్మికులకు 3 కోట్ల డాలర్లకు పైగా తిరిగి కట్టుకుంది, 2021 సెప్టెంబరులో గానీ నిషేధం ఎత్తలేదు. మీ పెద్ద క్లయింట్లు ఇప్పుడు ఆడిట్‌కు వచ్చినప్పుడు విదేశీ కార్మికుల ఫైలు ముందు అడుగుతున్నారంటే కారణం ఇలాంటివే.

కాబట్టి ఏజెంటుకి తలకింత అని మీరే ఇవ్వండి. సగం మనిషి దిగాక, మిగతా సగం ఆరో నెల నిండాక. పనివాడి దగ్గర ఎవరు ఏ పేరుతో వసూలు చేసినా ఆ మొత్తం ఏజెంటే తిరిగి కట్టాలని ఒప్పందంలో రాయండి. ఈ వాక్యం చూపించగానే అతని ముఖం ఎలా మారుతుందో గమనించండి. మూడో విడతకి నేను నలుగురు ఏజెంట్లకు చూపిస్తే ఇద్దరు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మిగతా ఇద్దరిలో ఒకరితో పని చేశాను.

వీడియో సంగతి. వీడియోలో చెయ్యి కనిపిస్తుంది, హెల్మెట్ కనిపిస్తుంది. హెల్మెట్ లోపల ఎవరున్నారో కనిపించదు. మీరే వెళ్లండి, లేదా ఆ రిటైరవుతున్న పెద్దాయన్ని పంపండి, ఆయనకంటే మంచి పరీక్షకుడు మీకు దొరకడు. 6జీ అంటే పైపుని 45 డిగ్రీల వాలులో బిగించి, తిప్పకుండా చుట్టూ వెల్డు చెయ్యాలి, వెల్డర్ల పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9606-1 లెక్కలో అదే హెచ్-ఎల్045. ఆ పొజిషన్‌లో పాసైతే పైనుంచి కిందికి దించే వెల్డు తప్ప మిగతా పొజిషన్లన్నీ కవరవుతాయి. కానీ ఏ పైపు మీద? వాళ్ల దగ్గరున్న మందపాటి కార్బన్ స్టీలు ముక్క మీద పరీక్ష పెట్టించి, తీరా మీ షెడ్డులో పల్చటి స్టెయిన్‌లెస్ చేతికిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. మీ పైపు, మీ ఫిల్లరు (వెల్డులో కరిగించే తీగ), మీ వెల్డింగ్ ప్రొసీజరు కాయితం తీసుకెళ్లండి. వెల్డు మొదలుపెట్టక ముందే రెండు ముక్కల మీదా అభ్యర్థి నంబరు పంచ్ కొట్టండి. మేము ఒకసారి సుద్దతో రాసి మోసపోయాం, రాత్రికి రాత్రి కూపన్లు (పరీక్ష ముక్కలు) మారిపోయాయి.

సర్టిఫికెట్టు తేదీ కూడా చూడండి. ఐఎస్ఓ 9606-1 ప్రకారం ఆ వెల్డరు ఆ పని చేస్తూనే ఉన్నాడని ఆరు నెలలకోసారి సంతకం పడాలి. అమెరికా ప్రమాణమైన ఏఎస్ఎంఈ సెక్షన్ 9లో అయితే ఆ ప్రాసెస్‌తో ఆరు నెలలు వెల్డు చెయ్యకపోతే అర్హత పోతుంది. ఏజెంటు తొంభై రోజులన్నాడు గానీ పర్మిట్టు, వీసా, మెడికల్ అయ్యేసరికి ఎంత పడుతుందో దేవుడికెరుక. ఈలోపు అతను పాత ఉద్యోగం మానేసి ఖాళీగా కూర్చుంటాడు, ఎందుకంటే ఏజెంటు "ఏ క్షణమైనా టికెట్ వస్తుంది" అంటూ ఉంటాడు. కాబట్టి దిగగానే మళ్లీ పరీక్ష పెట్టాల్సిందే. ఆ పరీక్షలో తప్పితే ఏం చేస్తారో ముందే ఒప్పందంలో రాయండి. మేమైతే మూడు వారాల ప్రాక్టీసు ఇచ్చి రెండోసారి పెట్టేవాళ్లం, అప్పటికీ కాకపోతే ఫిట్టరుగానో హెల్పరుగానో కాదు, మా ఖర్చుతో వెనక్కి పంపేవాళ్లం. వెల్డరు జీతం చెప్పి తెచ్చి హెల్పరు జీతం ఇవ్వడం అన్నది మాత్రం చెయ్యకండి.

పాస్‌పోర్టుల గురించి మీ అకౌంటెంటుకి గట్టిగానే చెప్పండి. చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వోద్యోగి తప్ప ఎవరూ వలస కార్మికుడి గుర్తింపు పత్రాలు లాక్కోకూడదని 1990 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 21వ అధికరణంలో ఉంది. కార్మిక సంస్థ నిర్బంధ శ్రమకు చెప్పే 11 గుర్తుల్లో పత్రాలు దగ్గర పెట్టుకోవడం ఒకటి, అప్పులో ఇరికించడం ఇంకొకటి. ఈ రెండూ ఒకే షెడ్డులో కనబడితే ఆడిటరు మూడోదాని కోసం వెతకడు. భద్రంగా ఉండాలంటారా, గదిలో మనిషికో చిన్న లాకరు పెట్టించి తాళంచెవి అతనికే ఇవ్వండి.

ఆ పద్నాలుగు నెలల ప్రకటనలు దాచారా? ఎక్కడెక్కడ వేశారు, ఎంతమంది వచ్చారు, ఒక్కొక్కరినీ ఎందుకు తీసుకోలేదు, అన్నీ తేదీలతో ఉండాలి. చాలా దేశాల్లో పర్మిట్టుకి మొదటి మెట్టు అదే. కెనడాలో ఎల్ఎంఐఏ అంటారు, అమెరికాలో గ్రీన్‌కార్డు దారిలో పెర్మ్ అంటారు, పేరేదైనా అడిగేది ఒకటే: ఇక్కడివాళ్లు దొరకలేదని చూపించు. ఆ కెనడా దరఖాస్తు రుసుమును యజమాని పనివాడి జీతంలో పట్టుకోకూడదు, బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జీ కూడా అంతే. మీ దేశంలో ఇలాంటివి ఏమున్నాయో లాయరుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.


షెడ్డు_ఓనరు:

చాలా చాలా కృతజ్ఞతలండీ. మీది రెండుసార్లు చదివాను. సుద్ద సంగతి చదివి మా పెద్దాయన పడీ పడీ నవ్వాడు, ఆయన చిన్నప్పుడు అదే చేశాడట, ఇటువైపు కాదు, అటువైపు నుంచి.

ఒకటే గుచ్చుకుంటోంది. ఖర్చంతా నేనే పెట్టుకున్నాక ఆరో నెలలో పక్క కంపెనీవాడు ఇంకాస్త ఎక్కువ ఇస్తానంటే పోతాడు కదా? రెండేళ్లు ఉంటానని బాండు రాయించుకోకూడదా? పోతే ఖర్చు తిరిగి కట్టేలా?


6జీ_మనిషి:

నేను అటువైపు నుంచి వచ్చినవాణ్ణి. మూడు దేశాల్లో పైపు వెల్డింగు చేశాను. మేనేజరు గారు చెప్పనివి రెండు మూడు చెప్తాను, ఆయన బల్లకి ఇవతల కూర్చున్నారు, నేను అవతల.

"ఏజెంటుకి ఏమైనా కట్టావా?" అని కంపెనీవాళ్లు అడుగుతారు. నన్నూ అడిగారు. అడిగినప్పుడు ఏజెంటు మనిషి నా పక్కనే ఉన్నాడు, అనువదించేది కూడా అతనే. నేను కట్టలేదన్నాను. అంతకు ముందు రోజు ఆఫీసులో కెమెరా ముందు నిలబెట్టి "నేను ఎవరికీ ఏమీ చెల్లించలేదు, నా ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను" అని చెప్పించుకున్నారు. నా ముందు ఒకతను తడబడ్డాడు, నాలుగుసార్లు తీశారు. ఆ వీడియో మీకు పంపిస్తారు చూడండి, మీరు ఫైల్లో పెట్టుకుంటారు. పక్క టేబుల్ మీద నా డబ్బు కట్టలు కట్టలుగా లెక్కపెడుతున్నారు అప్పుడు.

అందుకని అక్కడ అడిగితే నిజం రాదు. మీ దగ్గరికొచ్చి, మొదటి జీతం చేతికి వచ్చి, ఇంటికి పంపాక అడగండి. ఆఫీసులో కూర్చోబెట్టి కాదు. మా భాష తెలిసిన మనిషితో, షెడ్డు బయట, ఏజెంటుకి సంబంధం లేనివాడితో. "చెబితే వెనక్కి పంపేస్తారా?" అన్నదే మా భయం. పంపరని ముందే చెప్పండి, కాయితం మీద.

ఆ మొదటి జీతం ఎప్పుడొస్తుందన్నది కూడా ఆలోచించండి. నేను మూడో తారీకున దిగాను. జీతాల లెక్క అప్పటికే మూసేశారు, కలిపి తర్వాతి నెలలో ఇస్తామన్నారు. యాభై ఏడు రోజులు. ఫోన్‌లో సిమ్ వేసుకోవడానికి కూడా తోటివాణ్ణి అడిగాను. ఇంట్లోవాళ్లు "చేరావు కదా, డబ్బేది?" అంటారు, వడ్డీవాడు వాళ్లని అంటాడు కాబట్టి. దిగిన వారంలో కొంత అడ్వాన్సు చేతిలో పెట్టిన కంపెనీని నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

కాంట్రాక్టు రెండు ఉంటాయి. ఇంటి దగ్గర సంతకం పెట్టించుకున్నది ఒకటి, దిగాక ముందు పెట్టేది ఇంకొకటి, రెండో దానిలో బేసిక్ తగ్గి అలవెన్సు పెరుగుతుంది. మొత్తం ఒకటే కదా అంటారు. ఓవర్‌టైం లెక్క బేసిక్ మీద కడతారని అప్పుడు మాకు తెలియదు. మీది ఒకటే కాంట్రాక్టు అయితే, మా భాషలో కూడా ఉంటే, ఆ కాపీ మా దగ్గరే ఉంటే, అదే చాలు.

మీ ఐదుగురికీ వచ్చే ఎనిమిది మందికీ జీతం తేడా పెట్టాలనుకుంటే అది దాగదు. షెడ్డులో ఎవరి జీతం ఎంతో వారంలో అందరికీ తెలుస్తుంది.

దిగిన మర్నాడే పరీక్ష పెట్టకండి. మెషీను కొత్తది, హాట్ స్టార్ట్ ఎక్కడుందో తెలియదు, మా దగ్గర పెడల్‌తో చేసినవాళ్లుంటారు, మీ దగ్గర టార్చి మీద బటన్ ఉంటుంది. రెండు రోజులు పాత పైపు ముక్కలిచ్చి వదిలెయ్యండి. ఆ పెద్దాయన్ని పక్కన ఊరికే కూర్చోమనండి.


పాత_పర్సనల్_మేనేజరు:

6జీ మనిషి గారూ, ఆ వీడియోలు నా ఫైల్లోనూ ఉండేవి. ఇరవై మూడు. ఒక్కటి కూడా మొత్తం చూడలేదు.

ఓనరు గారూ, బాండు గురించి. ఖర్చు తిరిగి కట్టాలని రాయించుకుంటే, ఏజెంటు దగ్గర ఉండాల్సిన అప్పుని మీ పేరు మీదికి మార్చుకున్నట్టే. నియామకపు ఖర్చుని పనివాడి మీద వెయ్యకూడదన్న చోట ఈ బాండు కోర్టులో నిలవడం కష్టం, ఆడిట్‌లో అయితే పనికిరాదు. మీరు అతనికి ప్రత్యేకంగా ఏదైనా ఖరీదైన శిక్షణ ఇప్పించి, దానికి తగ్గట్టు కొంతకాలం ఉండమనడం వేరు, దాని గురించి లాయరుని అడగండి.

కట్టేసి ఉంచడం అనే పద్ధతి ఎక్కడైతే పుట్టి పెరిగిందో అక్కడే సడలుతోంది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికి కతార్ 2020లో చట్టం మార్చింది, మరుసటి ఏడాది మార్చిలో సౌదీ కూడా షరతులతో దారి తెరిచింది. పూర్తిగా పోయిందని కాదు గానీ, "నా దగ్గరున్న వీసా మీద వచ్చాడు కాబట్టి నా మనిషి" అన్న లెక్క మీద వ్యాపారం ప్లాను చేసుకోకండి.

మరి నేనేం చేశానంటే, బాండులో రాద్దామనుకున్న మొత్తాన్నే తిప్పి ఇచ్చాను. పన్నెండో నెల చివర కొంత, ఇరవై నాలుగో నెల చివర ఇంకొంత ఎక్కువ. ఏటా ఇంటికి వెళ్లి రావడానికి టికెట్టు. వెళ్లినవాడు తిరిగి రాడని మా ఫైనాన్సువాళ్లు పోట్లాడారు. మూడో విడతలో 16 మంది వస్తే రెండేళ్లకి 14 మంది ఉన్నారు. పోయిన ఇద్దరిలో ఒకడు పక్క కంపెనీకే వెళ్లాడు, చెప్పి వెళ్లాడు, తన బదులు తమ్ముణ్ణి తీసుకోమని అడిగాడు. తీసుకున్నాం, తమ్ముడు అన్నకంటే మంచి వెల్డరు.

పోయిన నెల వదులుకున్న ఆర్డరు మీద మీకు ఎంత మిగిలేదో ఒక కాయితం మీద రాసుకోండి. దాని పక్కన ఎనిమిది మందికి అయ్యే ఖర్చు రాయండి. ఆ రెండు అంకెలు చూశాక కూడా బాండు కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో చిన్న మాట. ఎనిమిది మందీ ఒకేసారి వద్దు. ముందు ముగ్గురిని తెచ్చుకోండి. మీకు ఇది కొత్త, మీ ఫోర్‌మన్‌కి ఇంకా కొత్త.


లెక్కల_పుస్తకం:

డ్రాఫ్ట్స్‌మన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా. అతను ఏ దేశంలో కూర్చుంటాడో ఆ దేశపు కార్మిక చట్టం, పన్ను, సామాజిక భద్రత చందాలు చూడాలి, మీ దేశానివి కాదు. కాయితం మీద "కాంట్రాక్టరు" అని రాసినంత మాత్రాన అయిపోదు. మీ ఒక్కరికే పని చేస్తూ, మీరు చెప్పిన వేళలకి, మీ మెయిల్ ఐడీతో, నెల జీతంలాగా తీసుకుంటుంటే చాలా దేశాలు అతన్ని ఉద్యోగి కిందే లెక్కేస్తాయి, వెనకటి చందాలు కూడా అడుగుతాయి.

రెండోది, అతని వల్ల మీ కంపెనీకి ఆ దేశంలో స్థిర వ్యాపార స్థలం ఉన్నట్టు లెక్క తేలితే అక్కడ కార్పొరేట్ పన్ను ప్రశ్న వస్తుంది. దేశాల మధ్య పన్ను ఒప్పందాలకి ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి) రాసిన నమూనాలో 5వ అధికరణం దీని గురించే. డ్రాయింగులు గీసేవాడి వల్ల ఆ ప్రమాదం తక్కువ, మీ తరఫున ఆర్డర్లు మాట్లాడి ఖాయం చేసేవాడి వల్ల ఎక్కువ. అతనికి ఆ పని అప్పగించకండి.

ఒక్క మనిషే అయితే "ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్" అనే సంస్థలుంటాయి. అక్కడి చట్టం ప్రకారం వాళ్లే యజమాని, జీతం, చందాలు వాళ్లే కడతారు, మీరు వాళ్లకి ఇన్వాయిస్ మీద కడతారు. ఏది చేసినా డ్రాయింగుల హక్కులు మీకు బదిలీ అవుతాయని రాతపూర్వకంగా రాయించుకోండి. ఫ్రీలాన్సరు గీసినది రాతకోతలు లేకపోతే అతనిదే అయ్యే దేశాలు చాలా ఉన్నాయి.


షెడ్డు_ఓనరు:

పది రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

మేనేజరు గారు చెప్పిన వాక్యం మక్కీకి మక్కీ రాసి ఏజెంటుకి పంపాను. మొదట "మా లీగల్ టీమ్ చూస్తుంది" అన్నాడు. తర్వాత ఫోన్ చేసి, అదే వెల్డర్లను ఇంకో కంపెనీ ఇలాంటి షరతులేమీ లేకుండా అడుగుతోందని చెప్పాడు. తీసుకోమన్నాను. మా అకౌంటెంటు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంకో ఏజెన్సీతో మాట్లాడుతున్నాను. తలకింత అని చెప్పారు, ఆ అంకె చూస్తే నిజంగానే కళ్లు తిరిగాయి. ముగ్గురికే. ట్రేడ్ టెస్టుకి పెద్దాయన వెళ్తానన్నాడు, పంచ్ సెట్టు ఇప్పుడే సంచిలో సర్దుకున్నాడు. పాస్‌పోర్టు కూడా లేదాయనకి, అప్లై చేయించాను.

ఒక విషయం చెప్పాలి. మొదటి ఏజెంటు నాకు ముగ్గురు కుర్రాళ్ల ఫోన్ నంబర్లు ఇచ్చి ఉన్నాడు, వీడియో కాల్ కోసం. అతనితో తెగిపోయాక వాళ్లకి మెసేజ్ పెట్టాను: ఈ పని నా దగ్గర లేదు, కానీ మీరు ఏమైనా కట్టి ఉంటే చెప్పండి, అతనికి రాసి అడుగుతాను అని. ఇద్దరు చదివి ఊరుకున్నారు. మూడో అతను ఒక అంకె పెట్టాడు. నేను అది ఎన్ని నెలల జీతమో లెక్కకడుతుండగానే తీసేశాడు. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

6జీ మనిషి గారూ, మీకు అక్కడి భాష వస్తే నాకు ప్రైవేటుగా ఒక మెసేజ్ పెట్టగలరా?